పండుగ పిండివంటల కానుకలకు డబ్బాల చేతి అలంకరణ

ఇంట్లో వండిన పిండివంటలను పండుగ పూట బంధువులకో ఇరుగుపొరుగుకో పంపేటప్పుడు, వాటిని పెట్టే సాదా డబ్బానో సీసానో బుట్టనో అట్టపెట్టెనో కుండనో చేత్తో ముస్తాబు చేసే ఆచారం చాలా దేశాల్లో ఉంది. రంగులు వేయడం, కాగితం అతికించడం, గుడ్డ కట్టడం, నారతో అల్లడం, పసుపు రాసి బొట్లు పెట్టడం అన్నీ ఈ పనిలోకే వస్తాయి. దీనికి ఖరీదైన సామగ్రి అక్కరలేదు. పాలపొడి డబ్బా, జామ్ సీసా, చెప్పుల అట్టపెట్టె కాని ఏ గట్టి పెట్టె అయినా పనికొస్తుంది. అయితే బొమ్మలకో నగలకో పెట్టెను అలంకరించడం వేరు, తినే వస్తువు పెట్టే పాత్రను అలంకరించడం వేరు. ఇక్కడ పాత్ర ముందుగా వంటను చెడకుండా కాపాడాలి. అందుకే ఈ పనిలో నేర్పు ఉన్నవారు వంటతో మొదలుపెట్టి దానికి తగిన పాత్రను, ఆ పాత్రకు తగిన అలంకారాన్ని వరుసగా ఎంచుకుంటారు. ముందు అలంకారం ఎంచుకుని తరువాత వంటను అందులో ఇరికించినప్పుడే జంతికలు మెత్తబడతాయి, అరిసెలకు వార్నిషు వాసన పడుతుంది.

తెలుగు నాట

తెలుగువారిలో ఈ అలవాటు ప్రధానంగా సారెలో కనిపిస్తుంది. కాపురానికి వెళ్లే ఆడపిల్లతోను, సీమంతం తరువాతను, తొలి సంక్రాంతికి, గోదావరి జిల్లాల్లో ఆషాఢానికి పుట్టింటివారు అరిసెలు, మినపసున్నుండలు, లడ్డూలు, కాజాలు, జంతికలు, చలిమిడి వంటివి తట్టల్లోను గంపల్లోను పెట్టి పంపుతారు. పూర్వం ఇవి కావిళ్ల మీద వెళ్లేవి. తెలంగాణలో సంక్రాంతికి సకినాలు ఇలాగే వియ్యాలవారింటికి చేరతాయి. సారె చేరగానే అత్తింటివారు ఆ వీధిలోని ఇళ్లకు పంచిపెడతారు. పుట్టింటి నుంచి వచ్చిన గంపను వీధంతా చూస్తుంది కాబట్టి, దాని అంచుకు పసుపు రాయడం, కుంకుమ బొట్లు పెట్టడం, మీద కొత్త గుడ్డ కప్పడం పంపేవారి మర్యాదకు సంబంధించిన విషయాలుగా స్థిరపడ్డాయి. మేదరులు అల్లిన వెదురు తట్టలకు ఇప్పుడు జరీ అంచులు, బంగారు కాగితం, కుందన్లు, పూసల గొలుసులు అతికిస్తున్నారు. పట్టణాల్లో ఇదొక చిన్న వృత్తిగా పెరిగింది. సారె పళ్లాలను అలంకరించి అద్దెకిచ్చే మహిళలు చాలా ఊళ్లలో ఉన్నారు.

నోములలో వాయనానికి వాడే చేటలది మరో పద్ధతి. రెండు కొత్త చేటలకు పసుపు పూసి, కుంకుమతో బొట్లు దిద్ది, ఒకదానిలో పదార్థాలు పెట్టి రెండోదాన్ని మూతగా బోర్లించి ఇచ్చేదే మూసివాయనం. ఇందులో అలంకారమూ మూతా ఒకటే. కానుక చేతులు మారేదాకా లోపల ఏముందో కనిపించకపోవడం ఈ ఆచారంలో భాగం.

మట్టి పాత్రల విషయానికి వస్తే, తెలంగాణ పెళ్లిళ్లలో కుమ్మరి ఇంటి నుంచి తెచ్చే ఐరేని కుండలకు సున్నంతోను రంగులతోను చారలూ చుక్కలూ దిద్దుతారు. ఆషాఢంలో హైదరాబాదు, సికింద్రాబాదులలో జరిగే బోనాలలో పాలు, బెల్లం వేసి వండిన అన్నాన్ని కొత్త కుండలో పెట్టి, కుండకు పసుపు, కుంకుమ, సున్నం దిద్ది, వేపమండలు చుట్టి, మూత మీద దీపం వెలిగించి అమ్మవారికి తీసుకెళ్తారు. ఇది మనుషుల మధ్య కానుక కాదు, నైవేద్యం. అయినా వండిన పదార్థం ఉన్న పాత్రను పండుగ కోసం చేత్తో తీర్చిదిద్దడంలో తెలుగు నేల మీద దీన్ని మించిన ఉదాహరణ దొరకదు. తెల్లని సున్నం, పసుపు, ఎర్రని కుంకుమ, వేపాకు పచ్చ అనే ఆ నాలుగు రంగులూ నేటికీ ఇళ్లలో కానుక డబ్బాల మీద కనిపిస్తాయి.

హైదరాబాదు ముస్లిం కుటుంబాల్లో రంజాన్‌కూ పెళ్లిళ్లకూ మిఠాయిలు, సేమియా పంపేటప్పుడు పళ్లెం సాదాగానే ఉంటుంది. దాని మీద కప్పే ఖ్వాన్‌పోష్ అనే గుడ్డకే జరీ, కుట్టుపని, అంచులు ఉంటాయి. కోస్తా జిల్లాల క్రైస్తవ కుటుంబాల్లో క్రిస్మస్‌కు కేకుతోపాటు కజ్జికాయలు, గవ్వలు, చక్రాలు పంచే అలవాటు బలంగా ఉంది. నక్షత్రాలు, గంటలు, ఎరుపు ఆకుపచ్చ రిబ్బన్లు ఆ డబ్బాల మీదికి వచ్చాయి, లోపలి పిండివంటలు మాత్రం సంక్రాంతివే.

ఇతర దేశాల సంప్రదాయాలు

నార్వే, స్వీడన్ పల్లెల్లో పెళ్లికీ పండుగ విందుకూ వచ్చే అతిథులు తమ వంతు తిండి తామే తెచ్చే ఆచారం ఉండేది. స్వీడన్‌లో దానికి ఫోర్నింగ్ అని పేరు, అది తెచ్చే బుట్టలు ప్రత్యేకంగా ఉండేవి. నార్వేలో పలుచని చెక్కను వంచి చేసిన టీనె అనే పెట్టెలలోను, అంబార్ అనే మూతగల కర్ర పాత్రలలోను వెన్న, రొట్టెలు, మీగడ జావ తీసుకెళ్లేవారు. వాటి మీద లతలు, పూలు, మెలికల గీతలతో వేసే చిత్రకళకు రోజ్‌మాలింగ్ అని పేరు. 18వ శతాబ్ది మధ్య నుంచి 19వ శతాబ్ది మధ్య వరకు టెలిమార్క్ ప్రాంతంలోను, హాలింగ్‌డాల్ లోయలోను ఇది వెల్లివిరిసింది. విందులో అన్ని ఇళ్ల పాత్రలు ఒకే బల్ల మీద వరుసగా ఉంటాయి కాబట్టి, ఏది ఎవరిదో తెలియడానికి వాటి మీద యజమాని పేరులోని తొలి అక్షరాలు, సంవత్సరం రాయడం సాధారణం. ఈ రకం అలంకరణ అందంతోపాటు గుర్తుగానూ పనిచేసింది. తెలుగు ఇళ్లలో స్టీలు గిన్నెల మీద పేరు చెక్కించుకునే అలవాటు కూడా ఇదే అవసరం నుంచి వచ్చింది.

జపాన్‌లో కొత్త సంవత్సరపు వంటకాలను అంతస్తులుగా అమరే జూబాకో అనే లక్క పెట్టెల్లో పెడతారు. జపాన్ చరిత్రలో ఎదో అని పేరున్న కాలంలో కానుక పళ్లెం మీద ఫుకుసా అనే కుట్టుపని గుడ్డను కప్పి పంపేవారు. పుచ్చుకున్నవారు గుడ్డను మెచ్చుకుని, పెట్టెతో సహా తిరిగి పంపేవారు. తిండి వచ్చిన పాత్రను ఉత్తగా తిరిగి ఇవ్వకుండా అందులో ఏదో చిన్న వస్తువు వేసి ఇవ్వడం అక్కడి మర్యాద. తెలుగు ఇళ్లలోనూ పక్కింటివారి గిన్నెను ఖాళీగా ఇవ్వరు, కాస్త పంచదారో పండో పసుపుకుంకుమలో వేసి ఇస్తారు. పాత్ర తిరిగి వెళ్లే చోట అలంకారం కడిగినా నిలిచేదిగాని, విప్పి దాచుకునేదిగాని అయి ఉండాలి. జపాన్, హైదరాబాదులలో అలంకారం గుడ్డ మీదికి చేరడానికి ఇదొక కారణం కావచ్చు.

రేకు డబ్బాల చరిత్ర వేరేలా సాగింది. వేల్స్‌లోని పాంటిపూల్‌లో 18వ శతాబ్దిలో తగరం పూసిన ఇనుప రేకుకు నల్లని వార్నిషు పట్టించి, పొయ్యిలో కాల్చి, దాని మీద చేత్తో పూలు చిత్రించే పరిశ్రమ పెరిగింది. అదే రకం పని అమెరికా ఈశాన్య తీరంలోని రేకుపనివారికి, పెన్సిల్వేనియా జర్మన్ కుటుంబాలకు అలవాటైంది. తరువాత అచ్చు వచ్చింది. ఇంగ్లండులోని రెడింగ్ పట్టణపు హంట్లీ అండ్ పామర్స్ బిస్కెట్ సంస్థ 1868లో ఓవెన్ జోన్స్ గీసిన నమూనాతో అలంకార డబ్బాను తెచ్చింది. 1875లో లండన్‌కు చెందిన రాబర్ట్ బార్క్లే రేకు మీద రంగుల అచ్చు వేసే ఆఫ్‌సెట్ పద్ధతికి పేటెంట్ పొందాడు. అక్కడి నుంచి క్రిస్మస్ డబ్బాలు లక్షల్లో అచ్చై వచ్చాయి, చేతి చిత్రణ వెనక్కి తగ్గింది. డబ్బా మీది ప్రేమ మాత్రం తగ్గలేదు. 1900 నూతన సంవత్సరానికి విక్టోరియా రాణి దక్షిణాఫ్రికా యుద్ధంలోని సైనికులకు పంపిన చాకొలెట్ డబ్బాలను చాలామంది చాకొలెట్ తినకుండానే ఇంటికి పంపి దాచుకున్నారు. తెలుగు ఇళ్లలో పసుపుపచ్చ డాల్డా డబ్బాలు పప్పులకు, డెన్మార్క్ బిస్కెట్ల నీలం డబ్బాలు సూదిదారాలకు ఏళ్ల తరబడి పనిచేసిన సంగతి తెలిసిందే.

గాజు సీసా మళ్లీ చేతిపనికి తలుపు తెరిచింది. న్యూయార్క్ రేకుపనివాడు జాన్ లాండిస్ మేసన్ 1858 నవంబరు 30న మరమూతి గాజు సీసాకు పేటెంట్ పొందాడు. ఇళ్లలో పండ్లు, కూరగాయలు నిలవచేసుకోవడానికి వచ్చిన ఆ సీసా క్రమంగా అమెరికా క్రిస్మస్ కానుకలకు ఆధారమైంది. మూత మీద గుండ్రని గుడ్డ కట్టి జామ్ ఇవ్వడం పాత పద్ధతి. పిండి, పంచదార, ఓట్లు, చాకొలెట్ ముక్కలను పొరలు పొరలుగా నింపి, కుకీలు చేసుకునే విధం రాసిన చీటీని మెడకు కట్టి ఇవ్వడం తరువాత వచ్చిన పద్ధతి. ఇందులో పదార్థాల రంగుల పొరలే అలంకారం, గాజుకు రంగు పూయనక్కరలేదు. నాలుగు కప్పులు పట్టే క్వార్ట్ సీసాను, అంటే సుమారు 946 మిల్లీలీటర్లదాన్ని, ఇందుకు ఎక్కువగా వాడతారు. పిండిని అడుగున వేసి గట్టిగా అదిమితేనే పొరలు కలిసిపోకుండా నిలుస్తాయి.

వంటకు తగిన పాత్ర

పిండివంటలను మూడు రకాలుగా చూస్తే పాత్ర ఎంపిక తేలికవుతుంది: కరకరలాడేవి, నెయ్యీ బెల్లమూ పట్టినవి, తడీ పులుపూ ఉన్నవి.

జంతికలు, చక్రాలు, సకినాలు, గవ్వలు, చెక్కలు మొదటి రకం. వీటిలో తేమ చాలా తక్కువ. గాలిలోని తేమను పీల్చుకుంటే మెత్తబడతాయి. కాబట్టి వీటికి బిగుతైన మూత ఉన్న రేకు డబ్బా లేదా గాజు సీసా తగినది. వెదురు బుట్టలో ఇవ్వాలనుకుంటే లోపల మూతిబిగించిన సంచి తప్పదు, బుట్ట పైముస్తాబు మాత్రమే అవుతుంది. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు మూత అంచుకు కూడా రంగు పూయడం. రంగు పొర మందంగా ఉంటే మూత సరిగా దిగదు, దిగినా తీసేటప్పుడు రంగు పెచ్చులు లోపల పడతాయి. మూత కూర్చునే అంచును ముందే కాగితపు టేపుతో కప్పి వదిలేయాలి.

అరిసెలు, సున్నుండలు, లడ్డూలు, కజ్జికాయలు రెండో రకం. నెయ్యి కాగితంలోంచి, అట్టలోంచి పాకి బయటికి మరకగా వస్తుంది, ఎంత అందమైన అట్టపెట్టెనైనా ఒక్క రాత్రిలో పాడుచేస్తుంది. దానికంటే పెద్ద ఇబ్బంది వాసన. కొవ్వు పదార్థాలు చుట్టూ ఉన్న వాసనను సులువుగా పట్టుకుంటాయి. రంగో వార్నిషో పూర్తిగా ఆరని డబ్బాలో పెట్టిన సున్నుండల్లో ఆ వాసనే వస్తుంది. కనుక అడుగునా గోడలకూ బటర్ పేపర్ పరచాలి, డబ్బాను కనీసం వారం పది రోజుల ముందే తయారుచేసి మూత తీసి గాలికి పెట్టాలి. అరిసెలను వేడి మీద సర్దకూడదు. వేడి ఆవిరి మూతకు పట్టి నీరై కిందికి జారితే బూజు పడుతుంది. బాగా ఆరనిచ్చి, వరుసకూ వరుసకూ మధ్య కాగితం వేసి సర్దితే అతుక్కోవు. పూతరేకులది ప్రత్యేక సమస్య: కాగితమంత పలుచగా ఉండి చిన్న ఒత్తిడికే విరుగుతాయి. వీటికి ఎత్తు తక్కువ, అడుగు వెడల్పు ఉన్న గట్టి అట్టపెట్టె కావాలి. ఒకదాని మీద ఒకటి రెండు వరుసలు మించకూడదు. అలంకారం కూడా మూత మీద బరువు పడనిదై ఉండాలి.

మూడో రకంలో పచ్చళ్లు, జామ్‌లు, తొక్కులు వస్తాయి. ఉప్పు, పులుపు, నూనె కలిసి రేకునూ అల్యూమినియాన్నీ తింటాయి. వీటికి గాజు, పింగాణీ జాడీ తప్ప మరొకటి వాడకూడదు. మూత లోహపుదైతే దానికీ పచ్చడికీ మధ్య ఖాళీ ఉంచాలి. బొబ్బట్లు, పాలకోవా వంటివి రెండు మూడు రోజులకు మించి నిలవ ఉండవు కాబట్టి వాటి కోసం వారాల తరబడి డబ్బాకు రంగులు వేయడం కంటే అరిటాకు పరిచిన తాటాకు బుట్టలో ఇవ్వడమే సబబు. క్రిస్మస్ పండ్ల కేకు ఇందుకు పూర్తిగా ఎదురు. బటర్ పేపర్ చుట్టి రేకు డబ్బాలో పెడితే వారాలు గడిచేకొద్దీ దాని రుచి పెరుగుతుంది.

గాజు మీద పని

గాజుకు రంగు అంటుకోకపోవడానికి ప్రధాన కారణం వేలిముద్రల జిడ్డు. సీసాను సబ్బునీటితో కడిగి, ఆరాక స్పిరిట్‌తో తుడిచి, ఆపైన రంగు వేసే చోట చేయి పెట్టకుండా పనిచేయాలి. పాత చీటీల జిగురు వేడినీళ్లకు పోకపోతే వంటనూనె, వంటసోడా కలిపి రుద్దితే పోతుంది. గాజు కోసమే చేసిన ఎనామెల్ అక్రిలిక్ రంగులు నిలుస్తాయి, మామూలు పోస్టర్ రంగులు తడి తగిలితే ఊడిపోతాయి. వేసిన రంగును ఊరికే ఆరనిస్తే పూర్తిగా గట్టిపడడానికి మూడు వారాల దాకా పడుతుంది. ఓవెన్‌లో కాలిస్తే తొందరగా గట్టిపడుతుంది. చాలా రకాలకు సుమారు 175 డిగ్రీల సెల్సియస్ దగ్గర అరగంట చాలు, అయినా సీసా మీది సూచనే ప్రమాణం. సీసాను చల్లని ఓవెన్‌లో పెట్టి తరువాత వేడిచేయాలి, ఆపేశాక అందులోనే చల్లారనివ్వాలి. వేడి ఓవెన్‌లో చల్లని సీసా పెడితే పగులుతుంది.

బ్రష్షు తిప్పడం రానివారికి ముగ్గు మంచి ఆధారం. చుక్కలు సమాన దూరంలో పెట్టి వాటిని కలుపుతూ పోతే గుండ్రని సీసా మీద కూడా వంకర రాదు. గ్రాఫు కాగితం మీద గీసిన ముగ్గును సీసా లోపలి వైపు టేపుతో అంటించి, బయటి నుంచి దాని మీదే గీయవచ్చు. మెహందీ కోను పట్టుకోవడం వచ్చినవారికి కోను రంగులతో ఉబ్బెత్తు గీతలు వేయడం తేలిక.

సీసా మూతకు గుడ్డ కట్టడంలో కొలత ముఖ్యం. మూత అడ్డుకొలతకు, కిందికి వేలాడాల్సిన పొడవును రెండింతలు చేసి కలిపితే గుండ్రం ముక్క అడ్డుకొలత వస్తుంది. మూత 7 సెంటీమీటర్లు, వేలాడే అంచు 4 సెంటీమీటర్లు అనుకుంటే 15 సెంటీమీటర్ల ముక్క కావాలి. అంచును పళ్ల కత్తెరతో కత్తిరిస్తే దారాలు ఊడవు. ముందు రబ్బరు బ్యాండు వేసి మడతలు సమంగా సర్దాకే దాని మీద రిబ్బనో పురికొసో కట్టాలి. పెడన కలంకారీ అచ్చు గుడ్డ, పోచంపల్లి ఇక్కత్, మంగళగిరి చీర అంచు వంటి కుట్టుపనిలో మిగిలిన ముక్కలు ఇందుకు సరిగ్గా సరిపోతాయి. నరసాపురం ప్రాంతపు స్త్రీలు 19వ శతాబ్ది నుంచి అల్లుతున్న క్రోషే లేసు ఇందులో మరింత శోభిస్తుంది. అంచున పూసలు గుచ్చిన గుండ్రని లేసు ముక్క తన బరువుకే మూత మీద నిలుస్తుంది, ఉతికి మళ్లీ వాడుకోవచ్చు.

రేకు, అట్ట, వెదురు, కర్ర

రేకు డబ్బాను వాడేముందు రంగు వేయబోయే పైభాగాన్ని ఉప్పుకాగితంతో సన్నగా రుద్దాలి. ఆ గరుకుదనమే రంగుకు పట్టు. తరువాత జిడ్డు తుడిచి ప్రైమర్ ఒక పూత, అది ఆరాక అక్రిలిక్ రంగు రెండు పలుచని పూతలు, చివర వార్నిషు. ఒకే మందపు పూత కంటే రెండు మూడు పలుచని పూతలు ఎక్కువ కాలం నిలుస్తాయి. తుప్పు మచ్చ ఉన్న డబ్బాను లోపల తుప్పు లేకుంటేనే వాడాలి. డబ్బాకోతతో తెరిచిన టిన్ను అంచు కత్తిలా ఉంటుంది, పిల్లలున్న ఇళ్లకు అలాంటిది ఇవ్వకపోవడం మేలు.

కాగితపు బొమ్మలను కత్తిరించి అతికించి, పైన వార్నిషు పూతలు వేసే డెకూపాజ్ పద్ధతి 18వ శతాబ్దిలో వెనిస్‌లో బాగా వాడుకలోకి వచ్చింది. తూర్పుదేశాల లక్కపెట్టెలు కొనలేనివారికోసం అచ్చుబొమ్మలు అంటించి వాటిలా కనిపించేట్టు చేసేవారు. ఇళ్లలో దీనికి పెళ్లిపత్రికల మీది బొమ్మలు, పాత క్యాలెండర్లు, కాగితపు న్యాప్‌కిన్లు వాడుతున్నారు. శుభలేఖ మీద కలశాన్నో మామిడాకుల తోరణాన్నో జాగ్రత్తగా కత్తిరించి సారె డబ్బాకు అంటిస్తే, కొత్తగా కొనే ఏ స్టిక్కరూ దానికి సాటిరాదు. ఫెవికాల్‌లో కొద్దిగా నీళ్లు కలిపి కాగితం వెనకా ముందూ రాసి, మధ్య నుంచి అంచులకు నొక్కుతూ పోతే బుడగలు రావు. ఇంక్‌జెట్ ప్రింటర్‌లో తీసిన బొమ్మలు తడికి కరిగి పారతాయి. లేజర్ ప్రింటు గానీ జిరాక్సు గానీ అయితే ఆ భయం లేదు.

పూర్వం మైదా జిగురు, చింతగింజల జిగురు వాడేవారు. చెరియాల పటచిత్రాల గుడ్డకు నేటికీ చింతగింజల జిగురు, తెల్లమట్టి పట్టిస్తారు. కాని తిండి డబ్బాకు పిండి జిగురు మంచిది కాదు, బొద్దింకలనూ పురుగులనూ పిలుస్తుంది. పుస్తకాల బైండింగువారు పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం. అలాంటి జిగురు తినుబండారాల దగ్గరికి రానేకూడదు.

వెదురు తట్టలకు రంగు వేసేముందు అల్లిక సందుల్లోని దుమ్ము, ఊడిన నారలు తీసి, రెండు రోజులు ఎండలో ఆరబెట్టాలి. తడి వెదురుకు బూజు తొందరగా పడుతుంది. పసుపు పూత అందమైనదే కాని తడి తగిలితే పక్కనున్న గుడ్డకు అంటుతుంది. అందుకని పట్టుబట్టతో పంపే సారెలో పసుపు పూతను బుట్ట బయటి అంచుకే పరిమితం చేయడం మంచిది. జాజు, సున్నం కూడా అంతే. రంగు నారను పాత అల్లికలో దూర్చి వరుసలు తేల్చడం వీటన్నిటికంటే మన్నికైన పని. అది రాలదు, కారదు, వాసన వేయదు.

కర్ర భరిణెల్లో అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకవి పేరుమోసినవి. అంకుడు కర్రను తరిమెన మీద తిప్పుతూ రంగు కలిపిన లక్కకడ్డీని ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి పూతగా పడుతుంది. చెట్టు బెరళ్లు, వేళ్లు, గింజల నుంచి తీసిన రంగులు అక్కడి ప్రత్యేకత. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సాదా భరిణెను కొని ఇంట్లో గీతలు దిద్దుకునేవారు లక్క వేడికి మెత్తబడుతుందని గుర్తుంచుకోవాలి. ఎండలో పెట్టకూడదు, వేడి పదార్థం పోయకూడదు. డ్రైఫ్రూట్స్, వక్కపొడి, చిన్న నువ్వుండలు వీటికి తగినవి.

భద్రత

అలంకారమంతా బయటే ఉండాలన్నది ఈ పనికి మొదటి నియమం. లోపలి గోడలకు, మూత లోపలికి, అంచు నుంచి దాదాపు 2 సెంటీమీటర్ల దాకా ఏ రంగూ వేయరు. విషరహితమని రాసి ఉన్న రంగు కూడా తిండికి తగలడానికి చేసినదని అర్థం కాదు. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం పాలు పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదని భారతదేశంలో 2016లో చేసిన నిబంధనలు 2017 నవంబరు 1 నుంచి అమలయ్యాయి. అటకమీద మిగిలిన పాత ఎనామెల్ డబ్బాలకు ఈ హామీ లేదు కనుక వాటిని వాడకూడదు. పూజకోసం అమ్మే పసుపు, కుంకుమలలో కృత్రిమ రంగులు ఉండవచ్చు. అవి బొట్లకే తప్ప వంటలో పడకూడదు. తళుకుల పొడి డబ్బా మూత తీసినప్పుడల్లా రాలుతుంది, దాన్ని వార్నిషు కింద బంధించలేకపోతే మానుకోవడమే నయం. అచ్చుసిరాలోని రసాయనాలు నూనెలో దిగుతాయి కాబట్టి వార్తాపత్రికలో తినుబండారాలు చుట్టవద్దని భారత ఆహార భద్రత ప్రమాణాల సంస్థ 2016లో హెచ్చరించింది, 2018 ప్యాకేజింగ్ నిబంధనల్లో దాన్ని నిషేధించింది. డబ్బా బయట అలంకారంగా అంటించి వార్నిషు వేసిన వార్తాపత్రికకూ దీనికీ సంబంధం లేదు.

అందమైన సీసా లోపలి ప్రమాదాన్ని కప్పిపెట్టగలదు. పులుపు లేని తడి పదార్థాన్ని గాలి చొరని సీసాలో బయట ఉంచితే బోట్యులిజం అనే ప్రమాదకరమైన విషాహార జబ్బు కలిగించే సూక్ష్మజీవి పెరిగే వీలుంది. పచ్చి వెల్లుల్లి వేసిన నూనెను అలంకార సీసాలో ఇవ్వడం ఇందుకే ప్రమాదకరం. సీసాలోనే కేకు కాల్చి వేడి మీద మూత బిగించి నిలవ ఉంచే పద్ధతిని జార్జియా విశ్వవిద్యాలయంలోని గృహ ఆహార నిలవ జాతీయ కేంద్రం వద్దంటుంది. ఆవకాయలో ఉప్పు, పులుపు దండిగా ఉండడంవల్ల ఆ భయం తక్కువ. జామ్ సీసా మూత మీద గుడ్డ కట్టేముందు మూత ఉబ్బలేదని చూసుకోవాలి, ఉబ్బితే ఆ సీసా పారేయాలి.

చీటీ, ప్రయాణం

చీటీ మీద వంట పేరు, చేసిన తేదీ, ఎన్నాళ్లలోపు తినాలో, ఎలా దాచాలో రాయాలి. వేరుశనగ, నువ్వులు, జీడిపప్పు, పాలు, గోధుమ ఉంటే ఆ మాట స్పష్టంగా ఉండాలి. ఇవి పడనివారికి ఆ ఒక్క వాక్యం మిగతా అలంకారమంతటికంటే విలువైనది. చీటీని అట్టముక్క మీద రాసి పురికొసతో కడితే డబ్బా మళ్లీ వాడుకోవడానికి వీలుగా ఉంటుంది. వండినవారి చేతిరాత ఇక్కడ అచ్చు అక్షరాలకంటే బాగుంటుంది, చదవగలిగేలా ఉంటే చాలు.

దూరం వెళ్లే కానుకకు ఉబ్బెత్తు అలంకారం పనికిరాదు. కుందన్లు, పూసలు దారిలో ఊడతాయి, రిబ్బను ముడులు నలుగుతాయి. అమెరికా, గల్ఫ్ దేశాల్లోని పిల్లలకు పంపే పిండివంటలను గాలి తీసిన సంచుల్లో బిగించి, రంగు వేసిన సాదా రేకు డబ్బాలో సర్ది, ఖాళీలను కాగితంతో నింపి, ఆ డబ్బాను బయటి అట్టపెట్టెలో పెడతారు. డబ్బాను కదిపితే లోపల చప్పుడు రాకపోతే సర్దుడు సరిగ్గా ఉన్నట్టు. ఆ దేశాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు దీపావళికి, సంక్రాంతికి సహోద్యోగులకు ఇచ్చే కానుకల్లో మేసన్ సీసాలు మామూలయ్యాయి. కందిపొడి, నువ్వులపొడి, మిక్స్చర్ వాటిలో బాగా నిలవ ఉంటాయి. తెలియనివారికి ఎలా తినాలో చెప్పే చిన్న చీటీ కూడా వాటికి వేలాడుతుంది.

భారతదేశంలో 2022 జులై 1 నుంచి అమలైన ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ నిషేధంలో మిఠాయి పెట్టెల చుట్టూ చుట్టే పలుచని ప్లాస్టిక్ కాగితం కూడా ఉంది. మెరిసే ఆ పొర స్థానంలో గుడ్డ చుట్టడం, కాగితపు పట్టీ వేయడం, తాటాకు బుట్టలో ఉంచి పురికొస కట్టడం మళ్లీ వాడుకలోకి వస్తున్నాయి. చతురస్రపు గుడ్డలో పెట్టెను పెట్టి ఎదురెదురు కొసలు రెండేసి ముడివేసే పద్ధతి జపాన్‌లో ఫురోషికి పేరుతో ప్రసిద్ధం. తువ్వాలులో టిఫిను గిన్నె మూటకట్టి పొలానికి తీసుకెళ్లిన తెలుగువారికి ఆ ముడి కొత్తది కాదు. జాకెట్టు ముక్కలో చుట్టి ఇచ్చే సారె డబ్బాలో పెట్టె, చుట్టిన గుడ్డ, లోపలి వంట మూడూ కానుకే అవుతాయి, పారేయాల్సినది ఏదీ మిగలదు.